అవనిగడ్డ నుంచి హంసలదీవికి ఒక్కరోజు నడక: రోడ్డు కంటే ఇసుకతోనే పని

మీరు అడిగింది ఇదీ. వయసు 44, ఉండేది బెజవాడ పటమటలో, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మాఘ పౌర్ణమికి అవనిగడ్డలో బయల్దేరి, హంసలదీవి మీదుగా, కృష్ణమ్మ సముద్రంలో కలిసే సాగర సంగమం దాకా చెప్పుల్లేకుండా ఒక్కరోజులో నడిచి స్నానం చెయ్యాలని మొక్కుకున్నారు. అమ్మగారు వెనకాలే ఆటోలో వస్తారు. ఇంకా మూడు వారాల టైముంది. అవుతుందా అని.

హంసలదీవి గుడి దాకా అవుతుంది. సంగమం మాత్రం అదే రోజు పెట్టుకోకండి, మర్నాడు తెల్లవారుజామున వెళ్ళండి. తారు రోడ్డు మీద వట్టి కాళ్ళు అసలే వద్దు. తొందర్లో ఉంటే ఈ మూడు ముక్కలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఎందుకలా అంటున్నానో కింద రాస్తాను, కాస్త పెద్దగానే ఉంటుంది.

ముందు నా సంగతి. మాది చల్లపల్లి దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళ పైబడి వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం. 2013 నుంచి, కరోనా రెండేళ్ళు వదిలేస్తే, ఏటా మాఘంలో మా వీధి వాళ్ళం ఏడెనిమిది మందిమి ఈ దారి నడుస్తున్నాం. మాలో డాక్టర్లు, కోచ్‌లు ఎవరూ లేరు. కాళ్ళు కాల్చుకుని నేర్చుకున్నవాళ్ళమే.

ఈ నడకని అందరూ కిలోమీటర్లలో లెక్కేస్తారు. అవనిగడ్డ నుంచి హంసలదీవికి పాతిక కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. దాదాపు సగంలో కోడూరు. గుడి దగ్గర్నుంచి సంగమానికి ఇంకో నాలుగైదు. ‘పాతిక నడిచినవాడికి ఐదొక లెక్కా!’ అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. పాలకాయతిప్ప సముద్రపు ఒడ్డు దాకా రోడ్డే, ఇబ్బంది లేదు. అక్కడి నుంచి కృష్ణమ్మ సముద్రంలో కలిసే మొన దాకా ఉన్నదంతా ఇసుక. మెత్తటి ఇసుకలో అడుగు వెనక్కి జారుతుంది, మడమ దిగబడుతుంది, పిక్కలు రెట్టింపు పని చేస్తాయి. గట్టి నేల మీద నడకతో పోలిస్తే ఇసుకలో ఒంటికి రెండు రెట్లకు పైగానే శక్తి ఖర్చవుతుందని కొలిచి చెప్పినవాళ్ళున్నారు. రోడ్డు మీద గంటకి నాలుగున్నర కిలోమీటర్లు నడిచే మనిషి అక్కడ రెండున్నర నడిస్తే గొప్ప. పైగా వెళ్ళినంత దూరమూ వెనక్కి రావాలి. మొక్కులో తిరుగు ప్రయాణం ఉండదు గానీ కాళ్ళకి ఉంటుంది కదా.

మా మొదటి ఏడాది కథ చెప్తాను. 2013లో మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 25న వచ్చింది. బెజవాడలో తెల్లవారి బస్సెక్కాం, అవనిగడ్డలో ఇడ్లీలు తిన్నాం, లక్ష్మీనారాయణ స్వామికి దణ్ణం పెట్టుకుని బయల్దేరేసరికి ఎనిమిదయింది. కొత్త బూట్లు వేసుకున్నాను. కోడూరు రాకముందే మడమ మీద బొబ్బ. హంసలదీవి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ‘ఇంతదూరం వచ్చి స్నానం చెయ్యకపోతే ఎలా’ అని మొండికేసి ఇసుకలోకి దిగాం. స్నానం ముగించి వెనక్కి తిరిగేటప్పటికి పొద్దు వాలిపోయింది. మాలో ఒకాయనకి పిక్కలు పట్టేసి ఇసుకలో కూలబడ్డాడు. లేపితే నాలుగడుగులు, మళ్ళీ కూలబడటం. చీకట్లో వలలు సర్దుకుంటున్న బెస్తవాళ్ళు చూసి, ఆయన్ని ట్రాక్టర్ మీద ఒడ్డుకి చేర్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు. ‘పొద్దున్నే రావాలి కదండీ’ అన్నారు, అంతే. ఆ మాట మీదే మా పద్ధతి మార్చుకున్నాం.

ఇప్పుడు మేం చేసేది ఇదీ. పౌర్ణమికి రెండు రోజుల ముందు, అంటే త్రయోదశి సాయంత్రానికి అవనిగడ్డ చేరుకుంటాం. బెజవాడ నెహ్రూ బస్టాండ్ నుంచి కరకట్ట మీదుగా వెళ్ళే బస్సులున్నాయి, పామర్రు, చల్లపల్లి మీదుగా వెళ్ళేవీ ఉన్నాయి. గుంటూరు నుంచి వచ్చేవాళ్ళయితే రేపల్లె దాకా రైల్లో వచ్చి పెనుమూడి, పులిగడ్డ వంతెన దాటితే సరిపోతుంది. బెజవాడ చుట్టు తిరగక్కర్లేదు. టైముంటే దారిలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామిని చూసుకుని, రాత్రి పెందలాడే తిని పడుకుంటాం. చతుర్దశి తెల్లవారుజామున నాలుగింటికి నడక మొదలు.

నాలుగంటే మరీ చీకటి అనుకోకండి. చతుర్దశి చంద్రుడు అప్పుడు పడమట ఉంటాడు. మనం నడిచేది తూర్పుకి కాబట్టి వెన్నెల వీపు మీద పడుతూ ఉంటుంది. మన నీడ మన ముందు నడుస్తుంది. ఏటా నాకు బాగా నచ్చే గంట అదే, ఎవరూ మాట్లాడరు. అయినా టార్చి, వీపు మీద మెరిసే పట్టీ ఉండాల్సిందే. ఐస్ లారీలు, రొయ్యల మేత లారీలు ఆ వేళకే తిరుగుతాయి. రోడ్డుకి కుడి పక్కన, ఎదురొచ్చే బండి కనపడేలా నడవండి. ఆరున్నర ప్రాంతంలో గానీ పొద్దు పొడవదు. ఆ తర్వాత ఎండ సూటిగా మొహం మీద కొడుతుంది. టోపీ సంచి అడుగున కాకుండా పైనే పెట్టుకోండి.

ఏడుకల్లా కోడూరు. అక్కడ ముప్పావుగంట ఆగుతాం. బూట్లు విప్పి, సాక్సులు మార్చి, టిఫిను తిని, నీళ్ళు నింపుకుంటాం. నీళ్ళ విషయంలో కోడూరే ఆఖరి మజిలీ అనుకోండి. అవతల రోడ్డుకి రెండు వైపులా రొయ్యల చెరువులు, చేపల చెరువులు. చుట్టూ నీళ్ళే, తాగటానికి చుక్క ఉండదు. భూమిలో నీళ్ళూ ఉప్పే. పండగ రోజుల్లో చలివేంద్రాలు, మజ్జిగ పందిళ్ళు ఉంటాయి గానీ ముందు రోజు పొద్దున్నే అవి వేసి ఉంటాయన్న నమ్మకం పెట్టుకోకండి. మనిషికి రెండు లీటర్లు దగ్గరుండాలి. అందులో ఒక లీటరు ఉప్పూ పంచదార కలిపినది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా కొలిచి. ఉత్త నీళ్ళే కడుపునిండా తాగుతూ పోతే, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాక తల తిరుగుతుంది. వాంతి వచ్చినట్టు కూడా ఉంటుంది. దాన్ని ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగించేవాళ్ళని చూశాను.

చెరువుల దగ్గర కాపలా కుక్కలుంటాయి. చేతికర్ర ఉంటే చాలు, దాన్ని విసరక్కర్లేదు, పరిగెత్తకూడదు. ఇంకొకటి: ఆ రోజుల్లో మినుము నూర్పిళ్ళు మొదలయితే రోడ్డు మీదే ఆరబోస్తారు. తొక్కుకుంటూ పోకండి, జారతారు. రైతు తిడితే అది వేరే.

పదకొండున్నర, పన్నెండుకల్లా వేణుగోపాల స్వామి గుడి చేరతాం. ఆ రోజుకి నడక అయిపోయింది. దర్శనం, భోజనం, నిద్ర. సాయంత్రం గుడి దగ్గర కూర్చుంటే ఊరి పేరు కథ చెప్పేవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. జనం పాపాలు మోసి మోసి నల్లబడిన గంగమ్మ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ మునిగి లేచేసరికి హంసలా తెల్లబడిందట. మర్నాడు పౌర్ణమి తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు, సంచులన్నీ గుడి దగ్గరే వదిలేసి ఒక్క నీళ్ళసీసాతో సంగమానికి నడుస్తాం. రాత్రంతా ఆగిన కాళ్ళు మొదటి పది నిమిషాలు బిగుసుకుని ఉంటాయి, తర్వాత సర్దుకుంటాయి.

ఇక వట్టి కాళ్ళ సంగతి. బెజవాడ వాళ్ళకి ఇదొక ధీమా. భవానీ దీక్షలో చెప్పుల్లేకుండా తిరిగాం కదా అంటారు. నిజమే, నలభై రోజులు అలవాటు పడ్డ అరికాలుకి కొంత బలం వస్తుంది. మీరు దీక్షలో లేరు, ఆఫీసులో ఉన్నారు. మూడు వారాల్లో అరికాలు గట్టిపడదు. ఫిబ్రవరి నెలాఖరులో పౌర్ణమి వస్తే పది దాటాక తారు మీద కాలు నిలవదు. పౌర్ణమి నెల మొదట్లో వస్తే కొంత నయం, 2026లో ఫిబ్రవరి 1నే వచ్చింది. తేదీ చూసుకుని ఎండని అంచనా వేసుకోండి.

నా సలహా: కోడూరు దాకా, ఆపైన గుడి దాకా బాగా వాడిన బూట్లో, వెనక పట్టీ ఉన్న చెప్పులో వేసుకోండి. గుడి దగ్గర వాటిని విప్పేసి, సంగమానికి వట్టి కాళ్ళతో వెళ్ళండి. ఇసుకలో బూట్లకంటే అదే హాయి కూడా. కొత్తవి మాత్రం కొనకండి, కొంటే ఈ వారమే కొని రోజూ వాడండి. వేళ్ళ మధ్య, మడమల మీద వాజెలైన్ పట్టించి సాక్సులు వేసుకోండి. ఎక్కడైనా చురుక్కుమన్న మరుక్షణం ఆగి అక్కడ టేపు అంటించండి. ‘కోడూరులో చూద్దాంలే’ అనుకున్న ప్రతివాడికీ కోడూరులో బొబ్బే కనిపించింది. బొబ్బ వస్తే చిదమకండి, చర్మం ఊడదియ్యకండి, శుభ్రంగా కప్పెయ్యండి. ఇసుక, చెరువు గట్ల బురద దాంట్లోకి వెళ్తే చీము పడుతుంది.

షుగరు ఉందో లేదో మీరు రాయలేదు. షుగరు ఉంటే వట్టి కాళ్ళు ఇసుకలో కూడా వద్దు. మా జట్టులో ఒక పెద్దాయన ఉండేవాడు, మంచి నడకగాడు. మేమెంత చెప్పినా వినకుండా చెప్పులు సంచిలో వేసుకుని నడిచాడు. ‘నాకేం కాలటం లేదురా’ అని మమ్మల్ని ఎగతాళి చేశాడు కూడా. గుడి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే చూశాం, రెండు అరికాళ్ళూ పొంగిపోయి ఉన్నాయి. స్పర్శ పోయిన కాళ్ళకి వేడి తెలియలేదు. ఆ పుండ్లు మానటానికి నాలుగు నెలలు పట్టింది. షుగరు మాత్ర వేసుకుని, టిఫిను ఆలస్యం చేసి నడిస్తే కళ్ళు తిరిగే ప్రమాదం వేరే ఉంది. జేబులో గ్లూకోజు, బెల్లం ముక్క పెట్టుకోవాలి. బీపీ మాత్రల్లో నీరు లాగేవి ఉంటాయి, మీవి అవునో కాదో డాక్టర్‌ని అడిగి బయల్దేరండి.

ఇసుకలో ఎక్కడ నడవాలన్నది తెలిస్తే సగం కష్టం తగ్గుతుంది. అల వెనక్కి పోయినప్పుడు తడిగా, గట్టిగా మిగిలే పట్టీ మీద నడవాలి. పైన పొడి ఇసుకలో నడిస్తే అక్కడే నలిగిపోతారు. అయితే తడి పట్టీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక మోకాలి మీదే బరువు పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు వాలు రెండో కాలి మీదికి మారుతుంది కాబట్టి అక్కడికక్కడ సరి. ఆ పట్టీ రోజంతా ఉండదు. పౌర్ణమి, అమావాస్యలకి పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా లోపలికి తగ్గుతుంది. అంటే ఆటు వేళ నడవటానికి వెడల్పాటి దారి దొరుకుతుంది, ఆరు గంటలు తిరిగేసరికి అదే దారి నీళ్ళ కింద ఉంటుంది. ఒక ఏడాది వెళ్ళేటప్పుడు హాయిగా గట్టి ఇసుక మీద వెళ్ళి, అక్కడ ఫొటోలు, కబుర్లతో ఆలస్యం చేసి, వచ్చేటప్పుడు మొత్తం పొడి ఇసుకలో రావాల్సి వచ్చింది. వెళ్ళటానికి పట్టినదానికి రెట్టింపు పట్టింది. ముందు రోజు సాయంత్రమే పాలకాయతిప్పలో వేటకెళ్ళేవాళ్ళని అడగండి, మర్నాడు పోటు ఏ వేళకో గడియారం చూసినట్టు చెప్తారు. ఫోన్‌లో చూసుకోవచ్చు గానీ వాళ్ళని అడిగితే మొన దగ్గర ఇసుక ఎక్కడ తెగిందో కూడా చెప్తారు. ఆ మొన ఏ ఏడాదికా ఏడాది మారుతూ ఉంటుంది, నిరుడు నడిచిన చోట ఈసారి నీళ్ళుండవచ్చు.

స్నానం సరిగ్గా నదీ సముద్రం కలిసే మొన దగ్గర చెయ్యకండి. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కింద నది తోపు ఒకవైపు, పోటు లాగుడు ఒకవైపు. ఇసుక ఉన్నట్టుండి తెగి, మోకాలి లోతు నీళ్ళు రెండడుగుల్లో గొంతు లోతు అవుతాయి. పండగనాడు పోలీసులు, గజఈతగాళ్ళు నిలబడి హద్దు చూపిస్తారు, ఆ హద్దులోనే మునగండి. మొలలోతు దాటొద్దు. ఈత వచ్చినవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ చెప్తున్నాను, మునిగేది వాళ్ళే. సముద్రం వైపు వీపు పెట్టి నిలబడకండి. అమ్మగారు స్నానం చెయ్యాలంటే చెంబుతో తలమీద పోయండి, తడిసిన చీర బరువుతో అలల్లో నిలబడటం పెద్దవాళ్ళకి కష్టం. పొడి బట్టలు తప్పకుండా తీసుకెళ్ళండి. ఉప్పునీటి బట్టలతో తిరుగు నడక నడిస్తే తొడలు ఒరుసుకుపోయి రెండు రోజులు కూర్చోలేరు, ఈ మాట సిగ్గుపడి ఎవరూ చెప్పరు.

అదంతా కృష్ణా అభయారణ్యం, మడ అడవి. అటవీశాఖ వాళ్ళ మాట వినాలి, చీకటి పడ్డాక ఉండకూడదు. సముద్ర తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలం కూడా అదే. ఇసుకలో కర్రలు పాతి కంచె కట్టి ఉంటే అటు వెళ్ళకండి. దగ్గరదారి అనుకుని మడచెట్లలోకి అసలు దూరొద్దు. బురద మోకాలి దాకా మింగుతుంది. అందులో తిల్ల చెట్టు ఉంటుంది, కొమ్మ విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చేతికర్ర కోసం ఆ కొమ్మ విరవబోయిన కుర్రాణ్ణి ఒకసారి ఒడిసిపట్టుకుని ఆపాను.

మూడు వారాల తయారీ గురించి. రోజు విడిచి రోజు పొద్దున్నే ఏడెనిమిది కిలోమీటర్లు. మీకు పటమట నుంచి బందరు కాలవ గట్టు దగ్గరే. మొదటి ఆదివారం పన్నెండు. రెండో ఆదివారం ఇంద్రకీలాద్రి గిరిప్రదక్షిణ దారిలో రెండు చుట్లు, ఒక చుట్టు సుమారు ఎనిమిది కిలోమీటర్లు. ఆ మధ్యలో ఒక రోజు యనమలకుదురు వైపు వెళ్ళి నదిలో ఇసుక మేటల మీద అరగంట నడవండి. అప్పటిదాకా నేను చెప్పింది అతిగా అనిపిస్తే, ఆ అరగంటతో నమ్ముతారు. ఆఖరి నాలుగు రోజులు నడక బాగా తగ్గించేయండి. రెండో ఆదివారం పదహారు కిలోమీటర్లు నడిచాక మర్నాడు మెట్లు దిగలేని పరిస్థితి ఉంటే, మొహమాటం లేకుండా కోడూరు నుంచి మొదలుపెట్టండి.

తిండి సంగతి పెద్దగా ఏం లేదు. పొద్దున్నే రెండు అరటిపళ్ళు, సంచిలో పల్లీ చిక్కీ, చిమ్మిలి. ముందు రోజు రాత్రి కారాలు, బిర్యానీలు వద్దు. కోడూరు దాటాక ఆడవాళ్ళకి బాత్రూమ్ దొరకటం కష్టం. అందుకని మా ఆడవాళ్ళు నీళ్ళు తాగటం మానేసేవాళ్ళు, అది ఇంకా ప్రమాదం. ఇప్పుడు మా వెంట వచ్చే ఆటోలో చాటు కట్టుకోటానికి పాత దుప్పట్లు, నాలుగు కర్రలు పెట్టుకుంటున్నాం.

ఆటో అంటే గుర్తొచ్చింది. అమ్మగారిని పాతిక కిలోమీటర్లూ మీ వెనక మనిషి నడక వేగంతో తీసుకురావద్దు. ఆవిడకి నడుం నొప్పి, మీకు టెన్షన్. ఏడింటికి కోడూరులో కలవమనండి, టిఫిను అయ్యాక ఆవిడ నేరుగా గుడికి వెళ్ళి కూర్చుంటారు. ఆటో మాత్రం వెనక్కి వచ్చి దారిలో రెండుమూడు చోట్ల ఆగి చూసుకుంటూ ఉంటే చాలు. తిరుగు ప్రయాణానికి పండగనాడు ప్రత్యేక బస్సులు వేస్తారు గానీ కిక్కిరిసి ఉంటాయి. అదే ఆటోని అవనిగడ్డ బస్టాండ్ దాకా ముందే మాట్లాడుకోండి.

ఒక్కటి నాకు తెలియాలి. మొక్కుకున్నప్పుడు మీరు అన్నది ‘నడిచి వచ్చి మునుగుతాను’ అనా, ‘అవనిగడ్డ నుంచి ఒక్కరోజులో వట్టి కాళ్ళతో’ అనా? చాలామంది మొదటి మాటే అనుకుని, మిగతాది తర్వాత ఉత్సాహంలో చేరుస్తారు. నేనూ చేర్చినవాణ్ణే. మీరన్న మాట, షుగరు సంగతి, రెండో ఆదివారం మెట్లు దిగారో లేదో ఇక్కడే రాయండి. అవనిగడ్డా కోడూరా అన్నది అప్పుడు చెప్తాను.